దిగువ బడికి ఏ పళ్ళచక్రం

ఈ రోజుల్లో కుర్రాళ్ళు సైకిలెక్కి, నాలుగు తొక్కులు తొక్కి, కాళ్ళు ఆపేసి, చుట్ట వెలిగించుకుంటూ పోతారు. కాళ్ళు ఆగినా బండి పోతూనే ఉంటుంది. మా కాలంలో ఆ భాగ్యం లేదు. వెనక చక్రం తిరిగినంతసేపూ పెడళ్ళు తిరగవలసిందే, వాటితోపాటు మన కాళ్ళూ తిరగవలసిందే. ఆపాలన్నా కాళ్ళతోనే బిగబట్టాలి. వెనక ఇరుసుకు ఏ పళ్ళచక్రం బిగించామో దాన్నిబట్టే మన మోకాళ్ళ బతుకు. ఈ మాట చెబితే మా మనవడు, "ఒక పళ్ళచక్రం మీద ఇన్నేళ్ళ కోపమేంటి తాతా?" అని నవ్వుతాడు. ఆ చక్రం మూలాన ఒక బడి మూతపడబోయింది. కోపం రాదా?

ధవళేశ్వరం నుంచి సముద్రం వైపు దిగే కాలవగట్టున నాకు రెండు మిషను బడులు ఉండేవి. పొద్దున ఎగువ ఊళ్ళో, మధ్యాహ్నం దిగువ పేటలో. నడుమ ఆమడ దూరం. దిగువ పేటలో అందరూ కూలి జనం. పిల్లలు పొద్దున్నుంచీ రైతుల గేదెల వెంట తిరిగేవాళ్ళు. ఎండ ముదిరాక గేదెలను కాలవలోకి తోలి, అవి నీళ్ళలో పడుకోగానే పరిగెత్తుకొచ్చి పాకలో కూర్చునేవాళ్ళు. గేదెలు నీళ్ళలో ఉన్నంతసేపే బడి. అవి లేచి ఒడ్డెక్కాయా, పిల్లలూ లేచిపోవాలి. మేస్టారు ఆలస్యమైతే గేదెలు ఆగవు కదా.

నా చిన్నతనంలో నాకు ఆపాటి బడి కూడా లేదు. ధాన్యం బస్తాల మీది ముద్రలూ, పడవల ముక్కు మీది అంకెలూ చూసి అక్షరాలు కూడబలుక్కున్నవాణ్ణి. అందుకే ఆ పాక బడి అంటే నాకు ప్రాణం.

ఆమడ దూరం నడిచి రెండో బడి చెప్పడం ఎవరి వల్లా కాదు. పాత దొరగారు స్వదేశం వెళ్ళిపోతూ తన బైసికిలును మిషనుకు వదిలేశారు. ఆ బండిని చూసుకునే దిగువ బడి తెరిచారు. బండితో పాటు ఒక రేకుపెట్టె, అందులో వెనక ఇరుసుకు బిగించే పళ్ళచక్రాలు రెండు. చిన్నది బిగిస్తే తొక్కు బరువు, కాని ఒక్క తొక్కుకు బండి చాలా దూరం పోతుంది. పెద్దది బిగిస్తే తొక్కు తేలిక, కాని బండి కొంచెమే కదులుతుంది, కాళ్ళు గబగబా తిరగాలి. రెండింటిలో ఒకటే పడుతుంది. మార్చాలంటే బండిని పడవలో వేసుకుని ధవళేశ్వరంలో ఫిట్టరు దగ్గరికి పోవాలి.

మా మామగారు పడవ సరంగు. బండిని ఆయన పడవలోనే తీసుకెళ్ళాం. దారిలో ఆయన అడిగారు.

"నువ్వు తొందరగా పోవలసింది ఎటువైపయ్యా అల్లుడూ?"

"దిగువకండి. ఎగువకి సాయంత్రం తీరుబడిగా వస్తాను."

"మరింకేం? దిగువకైతే నా పడవకి తాడు లాగే పనే లేదు. నీళ్ళే తీసుకుపోతాయి. పల్లానికి పోయే బండికి తేలిక తొక్కెందుకు? బరువుదే వేయించు. ఒక్క తొక్కుకి తాటిచెట్టంత దూరం పడాలి!"

నాకూ అదే నిజమనిపించింది. లాకు లాకుకూ కాలవ దిగుతుంది, కాలవ పక్కనే గట్టూ దిగుతుంది. పలక మీద పళ్ళు లెక్కకట్టి, చక్రం చుట్టుకొలత లెక్కకట్టి, గేదెలు నీళ్ళలో దిగేలోపే పాక చేరతానని తేల్చాను. ఆ లెక్క ఇప్పటికీ ఎవరైనా వేసి చూసుకోవచ్చు, తప్పు లేదు. ఫిట్టరు చిన్న చక్రం బిగించి ఇచ్చాడు.

మొదటి రోజు ఎగువ బడి వదిలి గట్టెక్కాను. కాసేపటికి సముద్రపు గాలి లేచింది. గట్టు మీద చెట్టూ చేమా అడ్డం లేదు, నేరుగా రొమ్మునే కొట్టింది. ఒక్కో తొక్కూ పాతిన గుంజను పీకుతున్నట్టుంది. పెడళ్ళ మీద లేచి నిలబడితే చైను కిర్రుమంటోంది గాని బండి కదలదు. దిగిందని నేను నమ్మిన గట్టు, లాకుల దగ్గర తప్ప, నా కాళ్ళకు తెలిసేంతగా ఎక్కడా దిగలేదు. ఆ పైన ఎదురుగా ఎగువకు వచ్చే పడవలు తెరచాపలు ఎత్తుకుని హాయిగా పోతున్నాయి. అందులో ఒక పడవవాడు అరిచాడు.

"మేస్టారండోయ్! బండిని నా పడవకి కట్టెయ్యండి, ఊరికే ఎగువకి లాక్కుపోతాను!"

పాక చేరేసరికి గేదెలు ఒడ్డెక్కి ఒళ్ళు దులుపుకుంటున్నాయి. పిల్లలు కర్రలు పట్టుకుని వెళ్ళిపోతున్నారు. "రేపైనా పెందలాడే రండి మేస్టారూ," అని ఒక పిల్ల నాకే బుద్ధి చెప్పి పోయింది. మర్నాడూ అంతే. ఆ మర్నాడూ అంతే.

మామగారి మీద మండిపడ్డాను. "రోజూ మధ్యాహ్నం తెరచాప ఎత్తి ఎగువకి వస్తారే, మీకు గాలి సంగతి గుర్తు రాలేదా అండి?"

"గాలి పడవకి కదయ్యా. నీ బండికి తెరచాప లేదు కదా, గాలితో దానికేం పని?" అన్నారాయన, నేనేదో తెలివితక్కువ మాట అడిగినట్టు.

ఇక చక్రం మార్చక తప్పదని పెద్ద ఉపదేశిగారి దగ్గరికి వెళ్ళాను. మిషనులో దొరగారి తరవాత ఆయనే. బండి, రేకుపెట్టె ఆయన అజమాయిషీలో ఉండేవి.

"పెద్ద చక్రమా? అది వేస్తే కాళ్ళు కవ్వం తిప్పినట్టు తిరుగుతాయి. వాక్యం చెప్పే నోరు, ఆ కాళ్ళూ ఒక మనిషివే అంటే జనం నవ్వరూ? మిషను పరువేం కావాలి?"

"బడికి పిల్లలు కావాలా, నా కాళ్ళకి పరువు కావాలా అండి?"

"రెండూ కావాలి. తొక్కలేకపోతే తిండి సరిగ్గా తిను."

ఆయన బండెక్కిన పాపాన పోలేదు. గాలికి ఎదురుగా గొడుగు కూడా పట్టి ఎరగరు. ఆ మనిషి నా మోకాళ్ళకు పరువు నేర్పారు!

ఇంతలో బడుల తనిఖీకి ఇన్‌స్పెక్టరుగారు వస్తున్నారని కబురొచ్చింది. పాకలో పిల్లలు కనబడకపోతే దిగువ బడి ఎత్తేస్తారట. ఇక నేను ఎవరినీ అడగలేదు. పెట్టెలోంచి పెద్ద చక్రం తీసుకుని, బండిని మళ్ళీ పడవెక్కించాను. "దిగువకి తేలిక తొక్కేంటయ్యా, చోద్యం కాకపోతే," అని మామగారు దారి పొడుగునా సణుగుతూనే ఉన్నారు. ఫిట్టరు చక్రం మార్చి ఇచ్చాడు.

తనిఖీ రోజున గాలి ఎప్పటిలాగే లేచింది. బండి మాత్రం ఆగలేదు. కాళ్ళు తిరిగాయి, తిరిగాయి, ఆపుదామన్నా ఆగవు. లాకు దగ్గర వాలులో దిగుతుంటే పెడళ్ళే నా కాళ్ళను విసిరేశాయి. చేలో వరి ఊడుస్తున్న ఆడవాళ్ళు నడుములెత్తి చూశారు.

"ఓలమ్మో! మేస్టారు బండెక్కి మజ్జిగ చిలుకుతున్నారే!"

"వెన్న పడితే మాకూ పెట్టండి మేస్టారూ!"

నవ్వుకోనిచ్చాను. పాక చేరేసరికి గేదెలు అప్పుడే నీళ్ళలో దిగుతున్నాయి. పిల్లలందరూ వచ్చి కూర్చున్నారు. ఇన్‌స్పెక్టరుగారు పడవ దిగి వచ్చి, పాఠం చదివించి, లెక్క చెప్పించి, బాగుందన్నారు. బడి నిలిచింది.

నిలిచిందా? ఆ వారంలోనే పెద్ద ఉపదేశిగారు నా మీద ఫిర్యాదు పెట్టారు. కొత్త దొరగారు నన్ను పిలిపించి, పుస్తకంలో నేర్చుకున్న తెలుగులో, "అనుమతి లేకుండా మిషను వస్తువును మార్చుట తప్పిదము," అన్నారు. ఆ మార్పు వల్లే మీ బడి మిగిలిందండీ అని నేను చెప్పిన మాట ఆయన చెవికెక్కలేదు. బండిని నా దగ్గర తీసేసుకుని ఉపదేశిగారి అల్లుడికి ఇచ్చారు. అతను మొట్టమొదట చేసిన పని, తన మామగారి చేత చిన్న చక్రం మళ్ళీ వేయించుకోవడం. సరైన చక్రం వేసినందుకు బండి పోగొట్టుకున్నవాణ్ణి ఈ జిల్లాలో నేనొక్కణ్ణే అయి ఉంటాను.

బండి లేకపోతే రెండు బడులు చెప్పలేను. ఒకటి ఎంచుకోమన్నారు. ఎగువ ఊళ్ళో చెప్పేవాళ్ళు ఇంకెవరైనా దొరుకుతారు, దిగువ పేటకు ఎవరూ రారు. పేటకే పోదామని ఇంటికొచ్చి మా ఆవిడకు చెప్పాను. ఆవిడ చేటలో బియ్యం పక్కన పెట్టింది.

"పళ్ళచక్రం కోసం ఇల్లు మారేవాళ్ళు లోకంలో మనమేనండీ," అని లేచి సామాను సర్దడం మొదలుపెట్టింది.

పేటలో పాక పక్కనే మరో పాక వేసుకున్నాం. గేదెలు నీళ్ళలో దిగేటప్పటికి నేను గుమ్మంలోనే ఉండేవాణ్ణి.

ఒక మధ్యాహ్నం ఆ అల్లుడుగారు ఏదో పని మీద దిగువకు వచ్చాడు. గాలికి పంచె ముందుకు అడుగు వెయ్యనివ్వడం లేదు. బండి దిగి, వగరుస్తూ తోసుకొస్తున్నాడు. నన్ను చూసి ఆగాడు.

"ఏవండీ మేస్టారూ, ఆ పెద్ద చక్రం ఎక్కడుందండీ?"

"మీ మామగారి రేకుపెట్టెలో. అడిగి తీసుకోండి."

"ఆయన్నెలా అడుగుతానండీ? పరువంటారు."

"అయితే తోసుకోండి," అన్నాను. లోపల పిల్లలు గుణింతం సగంలో ఆపి బండిని చూస్తున్నారు. వాళ్ళ మీద కేకలేసుకుంటూ పాకలోకి వెళ్ళాను.