కొక్కేనికి కట్టని ఎర్రగుడ్డ

మామ పోయాడని గుడియాత్తం నుంచి ఫోన్ వచ్చినప్పుడు నేను తొరపాడిలో మా ఇంట్లో ఇడ్లీపిండి కలుపుతున్నాను. ఆయన మా అమ్మకు అన్న, రేడియోలు బాగుచేసే మనిషి. ఫోన్ పెట్టేశాక నాకు ముందు గుర్తొచ్చింది ఆయన ముఖం కాదు, ఆయన అంగడి ముందుండే ఇనుప కొక్కెం. దాని సంగతి చెబితే ఆయన సంగతి చెప్పినట్టే.

అవి ఇంటింటికీ రంగుల టీవీలు దిగుతున్న రోజులు. రేడియో తెచ్చేవాళ్ళు తగ్గిపోయారు. మామ మాత్రం చెవి మీద టెస్టర్ పెట్టుకుని, చెడిపోని రేడియోలను కూడా విప్పి చూసేవాడు. "బాగుండేదాన్ని చూస్తేనే గదమ్మా చెడింది తెలిసేది" అనేవాడు.

అంగట్లో ఒక సెట్టును ఆయన ఎట్లాగో మార్చి, అందులో పోలీసుల వైర్‌లెస్ మాటలు వినబడేలా చేశాడు. అది తప్పని ఆయనకూ తెలుసు, వీధికంతా తెలుసు. రేడియో బాగుచేయించుకోడానికి వచ్చే కానిస్టేబుల్‌కూ తెలుసు. అయినా అందరూ ఊరుకున్నారు, దానికి కారణం లారీ.

మా నాయన మేస్త్రీ. రోజూ పొద్దున్నే గుడియాత్తంలో కూలివాళ్ళను లారీకెక్కించుకుని బాగాయంలో లేస్తున్న కొత్త బిల్డింగుల పనికి పోయేవాడు. పళ్ళికొండ మీదుగా దారి. ఎవరినో అరెస్టు చేశారన్నా, రెండు ఊళ్ళకు పడలేదన్నా మొదటి రాళ్ళు ఆ దారిలో పోయే బండ్ల మీదే పడేవి. అందుకని మామ తెల్లవారగానే సెట్టు ముందు కూర్చునేవాడు. గలాటా ఉందని వింటే కొక్కేనికి ఎర్ర తుండుగుడ్డ కట్టేవాడు. గుడ్డ కనబడితే లారీ వెనక్కి, కనబడకపోతే ముందుకి.

"యేం బావా, మీ పోలీసోళ్ళు ఈ పొద్దు యేమంటాండారు?" అని మా నాయన లారీ మీదనుంచి ఎగతాళి చేసేవాడు.

"నిన్ను పట్టుకోమంటాండారు, పో!" అనేవాడు మామ.

ఒక పొద్దున సెట్టులో మాటలు రాలేదు. వేడిపెనం మీద నీళ్ళు చిలకరించినట్టు ఒకటే చురచురమనే చప్పుడు. సెట్టు చెడిపోయిందనుకుని మామ దాన్ని విప్పి అందులో తల దూర్చాడు. లారీ వచ్చింది. మా నాయన మామూలుగానే ఏదో అరిచాడు, మామ వినిపించుకోలేదు. కొక్కేనికి గుడ్డ లేదు. లారీ వెళ్ళిపోయింది.

పళ్ళికొండ దాటకముందే రాళ్ళు పడ్డాయి. మా నాయన ముఖానికి అడ్డం పెట్టుకున్న కుడిచెయ్యి నుజ్జయింది. ఆ చేత్తో ఆయన మళ్ళీ తాపీ పట్టలేదు.

మామ ఆ సెట్టును రెండు రోజులు విప్పుతూ బిగిస్తూనే ఉన్నాడు. మూడోనాడు కానిస్టేబుల్ వచ్చాడు. నేను అక్కడే ఉన్నాను.

"అన్నా, సెట్టు బాగానే ఉండాది. మావోళ్ళే వైర్‌లెస్ మార్చినారు. ఇంక మేం మాట్లాడేది బయటోళ్ళకు తెలీదు."

మామ సెట్టు మూత మూశాడు. "మంచిదేలే. దొంగోడు గూడా వింటాండె గదా" అన్నాడు. తర్వాత, "మరి లారీ యెక్కేవాళ్ళకు యెవురు చెప్తారప్పా?" అన్నాడు.

"పేపర్లో వస్తాది గదన్నా, రేప్పొద్దున."

మా నాయన మామను ఒక్క మాట అనలేదు. "రాయి నువ్వేసినావా బావా?" అని నవ్వేవాడు. నాకు మాత్రం మామ మీద కోపం చాలా ఏళ్ళు ఉండింది. ఒక్క నిమిషం తల ఎత్తి "ఉండండప్పా" అంటే సరిపోయేది కదా అని. ఇప్పుడు చెప్పుకోడానికి సిగ్గుగా ఉంది.

ఒకసారి మొహం మీదే అడిగాను. "వినబడలేదంటే యేమీ లేదని కాదమ్మా. మనకు తెలీదని. ఆ రెండూ ఒకటే అనుకున్యాను" అన్నాడు.

కానిస్టేబుల్ వచ్చి పోయిన మర్నాడే ఆయన ఆనవాయితీని తిరగేశాడు. "ఇంక దారి బాగుందని తెలిస్తేనే కడతా. కట్టింటేనే పోండి" అన్నాడు. వారం రోజులు లారీ అంగడి ముందు ఆగి వెనక్కి తిరిగింది. మామ సెట్టు పెట్టి, ఆ చురచుర విని, తల అడ్డంగా ఊపేవాడు. పొయ్యి వెలగాలి కదా, ఎన్నాళ్ళని ఆగుతారు? ఎనిమిదోనాడు కూలివాళ్ళు గుడ్డ లేకుండానే వెళ్ళారు. మామ వీధిలో నిలబడి లారీ మలుపు తిరిగేదాకా చూశాడు. ఆ తర్వాత అన్ని ఏళ్ళూ అట్లాగే చూశాడు. గుడ్డ మళ్ళీ ఒక్కసారి కూడా కట్టలేదు.

పదకొండో రోజు కర్మ అయ్యాక, పొద్దున్నే అంగడి తలుపు నేనే తీశాను. ఎర్రగుడ్డ సెట్టు వెనక మడిచిపెట్టి ఉంది. పైన దుమ్ముకు మాసింది, మడత విప్పితే లోపల కొత్త రంగు. చేతిలో పట్టుకుని బయటికి వచ్చాను. ఇప్పుడు లారీ లేదు, కూలివాళ్ళ వ్యాన్ వస్తుంది. అంగడి దగ్గర నెమ్మదించింది. వ్యాన్‌లో ఉన్నవాళ్ళలో సగం మందికి ఎందుకో కూడా తెలియదు, అయినా అందరూ కొక్కెం వైపు చూశారు. తర్వాత నా వైపు, నా చేతిలోని గుడ్డ వైపు చూశారు.

దారి ఎట్లా ఉందో నాకు తెలియదు. గుడ్డ కట్టలేదు. వ్యాన్ వెళ్ళిపోయింది. మలుపు తిరిగేదాకా చూస్తూ నిలబడ్డాను.