తొమ్మిది రోజులు ఊపిరాడని దుంగలు

ఉత్తరాది చలి దేశపు పల్లె హుక్కవారాలో ఎవరి పెరట్లోనైనా బెరడు తీసిన దుంగల మీద టార్పాలిన్ కప్పి ఉందంటే, ఆ ఇంటివాళ్ళు ఊరికి కొత్త అని లెక్క. పాతవాళ్ళెవరూ ఆ సాహసం చేయరు. చేస్తే మర్నాడు పొద్దున్నే విల్యో మోయిలానెన్ సైకిలు దిగి, గేటు తీసుకుని, ఎవర్నీ పలకరించకుండా లోపలికొచ్చి, నిద్రపోతున్నవాడి దుప్పటి లాగినట్టు ఆ టార్పాలిన్ లాగి పారేస్తాడు. "ఊపిరాడనివ్వండర్రా దానికి!" అని ఒక్క అరుపు అరిచి, మళ్ళీ సైకిలెక్కి పోతాడు. మిగతా వేళల్లో ఆయన నోటి నుంచి రోజుకు నాలుగు మాటలు రావడం గగనం.

పాస్టరుగారి తోటలోని దుంగలకు కూడా ఈ మర్యాదే జరిగింది. అదీ శవం వెంట నడుస్తూ నడుస్తూ, వరసలోంచి తప్పుకుని వెళ్ళి మరీ చేశాడు. పోయినాయన విల్యోకి స్వయానా మేనమామ. ఇదేం పద్ధతని తర్వాత పాస్టరుగారు అడిగితే, "మావయ్యకిప్పుడు తొందరేం లేదండీ, మీ దుంగలకుంది" అన్నాడు. 

విల్యోకి డెబ్భై రెండేళ్ళు. నలభై ఏళ్ళలో ఊరి సరస్సు చుట్టుపక్కల ముప్ఫై ఎనిమిది సౌనాలు, అంటే దుంగలతో లేపే ఆవిరి స్నానపు గదులు, కట్టాడు. వాటిలో ఒక్కదాని గోడకు కూడా బూజు పట్టలేదు, ఒక్క దుంగ కూడా నీలం తిరగలేదు. తన సౌనా మాత్రం భార్య హిల్యా చనిపోయిన ఏడాదే ఓ పక్కకి ఒరిగి కూలింది. అప్పట్నుంచీ ప్రతి శనివారం తువ్వాలు భుజాన వేసుకుని, తను కట్టిన సౌనాల్లో వరసగా ఒక్కోదానికీ వెళ్ళి స్నానం చేసొస్తాడు. ముప్ఫై ఎనిమిది ఉన్నాయి కాబట్టి ఎవరికీ మరీ బరువు కాలేదు. వెళ్ళినచోట ఆవిరి పట్టడం కంటే గోడలు తడిమి చూడటమే ఎక్కువని ఆడవాళ్ళు నవ్వుకునేవారు.

దుంగ సంగతి విల్యో లెక్కలో చాలా తేలిక. చెట్టుని నడి శీతాకాలంలో కొట్టాలి. ఏప్రిల్లో, ఈగలు లేవకముందే, రెండు చేతులతో పట్టి లాగే కత్తితో బెరడు తియ్యాలి. కొసలు పగలకుండా వాటికి మైనం పుయ్యాలి. నేలకి మోకాలెత్తున రాళ్ళ మీద పేర్చాలి. వరసకీ వరసకీ మధ్య ఎండిన బద్దలు పెట్టాలి, పచ్చి బద్దలు పెట్టినవాడు మనిషి కాదు. పైన ఏటవాలుగా రేకు వెయ్యాలి, పక్కలు వదిలెయ్యాలి, సరస్సు మీది గాలి ఇటునుంచి దూరి అటునుంచి పోవాలి. "నెత్తికి టోపీ పెట్టండి, ఒంటికి చొక్కా తొడక్కండి" అనేవాడు. ఇంత చిన్న విషయం జనం బుర్రకి ఎందుకెక్కదో ఆయనకి అర్థం కాదు.

ఇక తారు సంగతి ఎత్తకపోవడమే మంచిది. తారు ఎండిన చెక్కకి మందు, తడి చెక్కకి విషం అనేవాడు. లోపలి తడి బయటికి రాక, దుంగ లోలోపలే కుళ్ళుతుంది. పడవలు కట్టే సులో ఓసారి తొందరపడి పచ్చి దుంగలకి తారు పూస్తే, "తడి చెక్కకి తారు పూసినవాడి ఇంట్లో నేను కాఫీ తాగను" అని విల్యో ఊరందరి ముందూ అనేశాడు. అని ఊరుకోలేదు, రెండేళ్ళు తాగలేదు కూడా. ఆ ఊళ్ళో పెట్టిన కాఫీ వద్దనడమంటే మనిషిని వెలేసినట్టే. సులో భార్య ఇప్పటికీ ఆ మాట తలుచుకుని కళ్ళు తుడుచుకుంటుంది.

అలాంటి విల్యో ఆ ఏడాది జనవరిలో తన కోసం పైన్ చెట్లు కొట్టాడు. కారణం సైమి.

సైమి సరస్సు అవతలి ఒడ్డున ఉంటుంది. ముప్ఫై ఏళ్ళు బడిలో వంట చేసింది, పదేళ్ళ కిందట భర్త పోయాడు. రై అనే ధాన్యపు పిండితో చేసిన దొప్పల్లో బంగాళాదుంప, ఎర్రపళ్ళ గుజ్జు పెట్టి కాల్చి, నెలకోసారి పడవలో తెచ్చి విల్యో గుమ్మంలో పెట్టి పోయేది. విల్యో ఖాళీ పళ్ళెం కడిగి తిరిగిచ్చేవాడు. ఇలా మూడేళ్ళు గడిచాక, ఒకరోజు పళ్ళెం ఇస్తూ, "ఇన్నిసార్లు పడవెందుకు? ఇక్కడే ఉండిపోరాదూ?" అన్నాడు. ఆయన జీవితంలో అంత పొడుగు మాట ఆడదానితో అనడం అదే మొదలు.

సైమి నిదానంగా ఆలోచించింది. "చూడు విల్యో, నా మొగుడి సౌనా గోడలకి ఎప్పుడూ నల్లగా, నీలంగా మచ్చలే. ఆ బూజు కంపులో ముప్ఫై ఏళ్ళు గోడలు తోమాను. మళ్ళీ ఆ బతుకు నావల్ల కాదు. నువ్వు సౌనా కడతానంటే ముందు దుంగలు చూస్తాను. చూశాకే ఏ మాటైనా" అంది.

దుంగలు చూసి పెళ్ళికి ఒప్పుకుంటానన్న మనిషి దొరకడం విల్యోకి స్వర్గమే దిగొచ్చినట్టయింది. ఇన్నాళ్ళూ సరైన ఆడది తగల్లేదుగానీ, తన అందమంతా దుంగల్లోనే ఉందని ఆయనకెప్పుడూ తెలుసు. నలభై నాలుగు దుంగలు చెక్కాడు. వెన్నపూస రంగులో నున్నగా తేలాయి. పేర్చాడు, రేకు టోపీ పెట్టాడు. జూన్ మొదటి ఆదివారం వచ్చి చూస్తానని సైమి కబురు పెట్టింది.

సరిగ్గా అప్పుడే పిత్తాశయంలో రాళ్ళు అడ్డం తిరిగాయి. మే చివర్లో విల్యోని పట్నం ఆసుపత్రికి తీసుకెళ్ళి, కోసి, తొమ్మిది రోజులుంచారు. ఆ తొమ్మిది రోజులూ ఎప్పుడూ లేనంత ఎండలు కాశాయి. మంచం మీద పడుకున్న విల్యో కిటికీలోంచి చూసి, "మంచి గాలి, దుంగలకి పండగే" అనుకుంటూ హాయిగా కోలుకున్నాడు.

గురువారం ఇంటికి తీసుకెళ్ళడానికి పక్కింటి రేయో కారు తెచ్చాడు. రేయో నలభై ఏళ్ళవాడు, ముప్ఫై ఆవులున్నాయి, విల్యో అంటే ప్రాణం. దారంతా ఏదో మురిపెంతో ముసిముసిగా నవ్వుతూనే ఉన్నాడు. మలుపు తిరగ్గానే పెరట్లో ఎండకి తళతళా మెరుస్తూ తెల్లటి కొండ ఒకటి కనిపించింది.

"ఒరే రేయో, నా పెరట్లో ఆ తెల్లటిదేంట్రా?"

"మీ దుంగలే బాబాయ్!"

"దుంగలా?"

"వానలొస్తాయని రేడియోలో చెప్పారు. మా పచ్చిగడ్డి మోపులకి చుట్టే ప్లాస్టిక్ లేదూ, పోయినేడుది ఎనిమిది చుట్టలు మిగిలాయి. మీరు ఆసుపత్రికెళ్ళిన రోజే నలుగురం కలిసి చుట్టేశాం. గాలి చొరబడదు బాబాయ్! మా గడ్డి అందులో రెండేళ్ళు చెక్కుచెదరదు!"

ఆ నలుగురూ చుట్టలు పట్టుకుని, గుడి చుట్టూ ప్రదక్షిణం చేసినట్టు, ఆ పేర్పు చుట్టూ పొద్దుటి నుంచి మధ్యాహ్నం దాకా తిరిగారట. తిరిగి తిరిగి ఒకడికి కళ్ళు తిరిగితే నీళ్ళు చల్లి మళ్ళీ తిప్పారట. ఇదంతా రేయో పొంగిపోతూ చెబుతున్నాడు. విల్యోకి కోసిన కుట్లు ఒక్కసారిగా సలిపాయి.

"టార్పాలిన్ కప్పితే నేనేమంటానో తెలీదూ నీకు?"

"తెలుసు బాబాయ్, అందుకే టార్పాలిన్ వాడలేదుగా! గడ్డి ప్లాస్టిక్ గురించి మీరెప్పుడూ ఏమన్లేదు."

"నాకు ఫోన్ చెయ్యడానికేం రోగం?"

"కోసిన మనిషిని విసిగించకూడదని... అయినా చుట్టమని చెప్పింది నేను కాదు బాబాయ్. ఫోనొచ్చింది. ఎవరని అడక్కండి, పేరు చెప్పనని మాటిచ్చాను."

విల్యో జేబులోంచి కత్తి తీసి ప్లాస్టిక్ కోశాడు. లోపల్నుంచి వెచ్చటి ఆవిరి భుగ్గుమని మొహాన కొట్టింది. నలభై ఏళ్ళుగా ఏ వాసన ఈ ఊళ్ళో పుట్టకుండా కాపలా కాశాడో, ఆ వాసన ఆయన పెరట్లోనే పుట్టింది. వెన్నపూస దుంగల మీద బూడిద రంగు నూగు లేచి, పిల్లిపిల్లల్లా ఉన్నాయి. చేత్తో తుడిస్తే కింద సిరా ఒలికినట్టు నీలం. ఆయన తిట్టలేదు, అరవలేదు. వెళ్ళి రాయి మీద కూర్చున్నాడు. ఏడుపొచ్చింది, కుట్లు లాగుతాయని ఏడవలేదు.

రేయో మొహంలో నెత్తురు చుక్క లేదు. "చంపెయ్యండి బాబాయ్" అన్నాడు.

"నిన్ను చంపితే దుంగలు ఎవడు దించుతాడు? పో, బ్రష్షులు పట్రా. బ్లీచింగ్ నీళ్ళు కలుపు."

బరువెత్తొద్దని డాక్టరు చెప్పాడు గనక ఎత్తే పనంతా రేయోకి పడింది. గురువారం, శుక్రవారం ఒక్కో దుంగా దించి, బ్లీచింగ్ నీళ్ళతో తోమి, కడిగి, మళ్ళీ బద్దలు పెట్టి గాలికి పేర్చారు. బూజు పోయింది. ముప్ఫై అయిదు దుంగలు దాదాపు పాత మొహాలతో బయటపడ్డాయి. తొమ్మిదింటికి మాత్రం నీలం లోపలికి దిగింది, ఎంత తోమినా కదల్లేదు. బలానికేం లోటు లేదని విల్యోకి తెలుసు. కానీ సైమి బలం చూడటానికి రావడం లేదు కదా. ఆమె ముప్ఫై ఏళ్ళు తోమిన రంగు సరిగ్గా ఇదే.

ఆదివారం సైమి వస్తుంది, ఆ తొమ్మిదీ చూస్తుంది, పళ్ళెం పట్టుకుని పడవెక్కి వెళ్ళిపోతుంది. ఇంక పళ్ళెం కూడా రాదు. శుక్రవారమంతా విల్యోకి వేరే ధ్యాస లేదు.

శనివారం పొద్దున మనిషి బుద్ధి గడ్డి తింది. కొట్టంలోకి వెళ్ళి తారు డబ్బా తెచ్చాడు. పైన్ వేళ్ళు కాల్చి తీసిన చిక్కటి తారు, ఒక్క పూత పడితే నీలమూ కనపడదు, మరేదీ కనపడదు. ఎందుకు పూశావంటే పాతకాలం పద్ధతనొచ్చు. దుంగ ఇంకా తడిగానే ఉంది. అయినా కుంచె ముంచాడు. అటూ ఇటూ చూశాడు. నలభై ఏళ్ళ పరువుని పక్కన పెట్టి జానెడు పూశాడు. ఇంకో జానెడు పూశాడు.

"ఏమయ్యా విల్యో, ఆ దుంగ ఎండిందా?"

కుంచె చేతిలోంచి జారి బూటు మీద పడింది. సైమి వెనకాలే నిలబడి ఉంది. ఆదివారం రావలసిన మనిషి శనివారమే పడవేసుకుని వచ్చేసింది. చేతిలో పళ్ళెం కూడా లేదు.

"లేదు" అన్నాడు విల్యో. అబద్ధం ఆడటం ఆయనకి చేతకాదు, ఇప్పుడు నేర్చుకునే వయసూ కాదు.

"తడి చెక్కకి తారు పూసినవాడి ఇంట్లో కాఫీ తాగనన్నది ఎవరూ?"

"నేనే."

"సులో పెళ్ళాం రెండేళ్ళు ఏడ్చింది."

"ఏడ్చింది."

"మరి ఇదేంటయ్యా?"

విల్యో పక్కకి తప్పుకుని మిగతా దుంగ చూపించాడు. "నీలం పట్టాయి, సైమీ. తొమ్మిది. నువ్వు చూస్తే వెళ్ళిపోతావని."

సైమి దగ్గరికొచ్చి నీలం మీద వేలు పెట్టి రాసింది. వేలు ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసింది. తర్వాత మొహం ఎర్రబడిపోయింది.

"రేయోకి ఫోన్ చేసింది నేనే" అంది. "వానొస్తుందంటే భయమేసింది. ఈ జన్మలో నా కోసం ఎవరూ చెట్టు కొట్టలేదు, ఇవి తడిసిపోతాయేమోనని. పచ్చళ్ళ సీసా అయినా, పళ్ళ పాకమైనా గాలి తగిలితేనే కదా పాడయ్యేది, అందుకే గాలి దూరకుండా చుట్టమన్నాను. దుంగలు బూజు పట్టాయని నిన్న కొట్లో నలుగురూ చెప్పుకుంటుంటే విన్నాను. నిద్ర పట్టక వచ్చేశాను. ఊఁ, తిట్టు."

విల్యో తిట్లు వెతుక్కున్నాడు. పాస్టరుగారికి దొరికినవి, సులోకి దొరికినవి చాలా ఉన్నాయి. ఒక్కటీ నోటికి రాలేదు. వెళ్ళి రెండు చేతుల కత్తి తెచ్చి, పూసిన తారంతా గీకడం మొదలుపెట్టాడు. కుట్లు లాగుతున్నాయని చూసి సైమి కత్తి లాక్కుని తనే గీకింది. వంటమనిషి చెయ్యి కదా, తొక్క తీయడం తెలుసు. జానెడు జానెడుగా తారు ఊడి, కింద నీలం మళ్ళీ బయటికొచ్చింది.

"ఇది పోదా?"

"పోదు. బలానికేం ఢోకా లేదు. చూపుకే."

"మన మొహాల కంటేనా" అంది సైమి. "ఈ తొమ్మిదీ నేను కూర్చునే వైపు వెయ్యి. నా నిర్వాకం నేనే చూసుకుంటాను."

విల్యో బూటు మీది తారు తుడుచుకున్నాడు. అడగాలంటే భయంగా ఉంది. "అయితే... వస్తావా? కానీ గోడ లేపాలంటే ఇవి ఏడాది ఎండాలి, సైమీ. ఏడాది ఆగాలి."

"దుంగలు ఎండాలి గానీ నేనెందుకు ఆగాలయ్యా? నేనెప్పుడో ఎండాను. సోమవారం సామాను తెస్తాను. కాఫీ పెట్టు."

రేడియోలో చెప్పిన వాన సోమవారానికి వచ్చింది. జల్లులోనే పడవ ఒడ్డుకి తగిలింది. రెండు పెట్టెలు, ఒక పరుపు, గంగాళం, వాటన్నిటి మీదా నీలం టార్పాలిన్. విల్యో మోకాలి లోతు నీళ్ళలోకి దిగి, అలవాటు కొద్దీ దాని అంచు పట్టుకున్నాడు. ఒడ్డున నిలబడ్డ రేయో కళ్ళు మూసుకున్నాడు. సైమి తెడ్డు పట్టుకుని ఆయన మొహంలోకే చూస్తోంది. విల్యో పరుపు కేసి ఓసారి చూశాడు. తర్వాత ఓ పక్క గాలికి లేచిపోతున్న మూలని కిందికి లాగి, పరుపు తడవకుండా గట్టిగా ముడేశాడు.