అక్క విరిచిన మెటికలు

నా చేతిరాత కోడి గీరినట్టుంటుంది. ఒత్తులూ దీర్ఘాలూ ఎక్కడివక్కడ పడవు. మా ఊరి బడిలో ఐదో తరగతితో ఆగిన చదువు నాది. తప్పులుంటే దిద్దుకుని చదవండి.

మా అక్క పోయింది. చిత్తూరు ఆస్పత్రిలో ఇక లాభం లేదంటే ఇంటికి తీసుకొస్తున్నాము. పూతలపట్టు దాటకముందే, బండిలోనే, నా ఒడిలో కాళ్లు పెట్టుకుని పోయింది. అప్పటిదాకా ఆ పాదాలు పిసుకుతూనే ఉన్నాను. "నీకు పిసకడం రాదు పోరా" అనింది. నాతో అదే ఆఖరి మాట.

నేను ఎక్కువ మాట్లాడే మనిషిని కాను. అక్క నన్ను 'మూగోడా' అనే పిలిచేది. అలాంటి వాణ్ని ఈ రోజు రాస్తున్నానంటే దానికి కారణం ఉంది. దినాల కోసం మా మేనల్లుడు ఫ్లెక్స్ కొట్టించాడు. అక్క ఫొటో కింద 'విదేశీ ఆస్పత్రిలో సేవలందించిన' అని పెద్ద అక్షరాలు. మా అక్క ఏ ఆస్పత్రిలోనూ పని చేయలేదు. మాల్దీవుల్లో, చుట్టూ సముద్రం ఉన్న ఒక చిన్న దీవిలో, హోటల్‌కు వచ్చే టూరిస్టులకు మసాజ్ చేసింది.

"ఇదేందిరా అబ్బోడా?" అన్నాను.

"కొత్త వియ్యంకులు వస్తారు మామా. మసాజ్ అని రాస్తే ఏమనుకుంటారు? ఇన్నాళ్లూ ఊరు నవ్వింది సాలదా?"

"ఆ మాట తీపించు. లేకుంటే నీకు గుడ్డలు పెట్టను."

మాలో తల్లి కర్మ చేసిన కొడుక్కి మేనమామే కొత్త గుడ్డలు పెట్టాలి. అవి కట్టుకోకుండా వాడు నలుగురిలోకి రాకూడదు. వాడు నా మొహం చూసి బిత్తరపోయాడు. "అయితే ఏం రాస్తావో నువ్వే రాయి" అని విసురుగా వెళ్లిపోయాడు. రాస్తున్నాను.

మొదట్లో అక్క మా పల్లెలో పసిబిడ్డలకు నీళ్లు పోసేది. కాళ్లు చాపుకుని కూర్చుని, కాళ్ల మీద బిడ్డను బోర్లా వేసుకుని, గోరువెచ్చని ఆముదం పట్టించేది. నూనె ముందు తన మణికట్టు మీద వేసి చూసుకునేది. నీళ్లు పోయడం అయ్యాక బిడ్డ చెంపలు నిమిరి, వేళ్లు తన కణతలకు ఆనించి మెటికలు విరిచేది. పటపటమని ఎంత గట్టిగా మోగితే అంత దిష్టి పోయినట్టు.

మా బావ పోయాక తిరుపతి చేరింది. మెట్లెక్కి కొండకు పోయి వచ్చిన వాళ్లకు కాళ్లు పట్టే నూనె వైద్యం అంగడిలో కుదిరింది. ఆ అంగడి యజమాని చెల్లెలు దీవిలో ఇదే పని చేస్తుండేది. ఆమె పిలిస్తే అక్క వెళ్లింది. మా వైపు ఆడవాళ్లు ఇంటిపనికి కువైట్ పోతే ఎవరూ ఏమీ అనరు. అక్క పోతే మాత్రం టీ అంగడి దగ్గర నన్ను ఆపి అడిగేవాళ్లు.

"ఏమప్పా, మీ యక్క ఇంగా పిసకతానే ఉండాదా?"

నేను తల వంచుకుని వచ్చేసేవాణ్ని. ఒకసారి అక్క సెలవు మీద వచ్చినప్పుడు ఆమె చెవినే పడింది. అక్కడే నిలబడి అంది:

"పసిబిడ్డకు పడితే పుణ్యం, పెద్దోళ్లకు పడితే పాపమా? ఒళ్లు ఒకటే కదప్పా. సైజు ఎక్కువ, అంతే."

టీ గ్లాసులు పట్టుకున్న వాళ్లు కూడా నవ్వాపుకోలేకపోయారు.

దీవిలో మొదటి రోజే పొరపాటు చేసింది. ఒక తెల్లావిడకు మసాజ్ అయిపోగానే, అలవాటు కొద్దీ చెంపలు నిమిరి మెటికలు విరిచేసింది. ఎముక విరిగిందనుకుని ఆవిడ ఎగిరి కూర్చుందట. ఇంకెప్పుడూ చేయొద్దని మేనేజరు చెప్పాడు.

"మానేసినావా అక్కా?"

"యాడ మానేది? నూనె పట్టినాక దిష్టి తీయకుండా పంపిస్తే ఆ బిడ్డకు ఏమన్నా అయితే?"

"బిడ్డేంది, ముసలామె గదా!"

"నూనె పట్టించుకునేటప్పుడు అందరూ బిడ్డలేరా మూగోడా."

మరుసటి ఏడు ఆ తెల్లావిడే మళ్లీ వచ్చి, తన కణతలు చూపించి, అది కూడా చేయమని సైగ చేసిందట.

ఇప్పుడు మా వైపు కొత్త జంటలు కూడా దీవులకు పోతున్నారు. అక్క పని మానుకుని ఊరికి వచ్చేశాక, ఊళ్లో నవ్విన వాళ్ల పిల్లలే పోయే ముందు ఆమె దగ్గరికి వచ్చేవాళ్లు. కూర్చోబెట్టి చెప్పేది. "దిగిన రోజే మసాజ్‌కు పోవద్దండ్రా, ముందు నిద్రపోండి. ఎండకు కాలిన ఒంటికి నూనె ముట్టీయొద్దు, మంట తగ్గినాక పోండి. తిన్న పొట్టతో పడుకోవద్దు. నొప్పి పుడితే పళ్లు బిగించుకోకుండా నోరు తెరిసి చెప్పండి, ఆమెకు మీ లోపల ఏముందో తెలీదు. ఎంత తీసుకుంటారో ముందే అడగండి. ఆమె పేరు కూడా అడగండి. పేరు అడిగినోళ్లకు చెయ్యి ఇంకా బాగా పడతాది."

ఒక మగపిల్లవాడు వెకిలిగా నవ్వితే వాడి వైపు తిరిగింది. "ఒకడు నీ మాదిరే నవ్వి నా చెయ్యి పట్టుకున్నాడు. లైటేసి, తలుపు బార్లా తెరిసి, లేసి పోరా అన్నాను. తెలుగులోనే. వానికి బాగానే అర్థమయింది." ఆ పిల్లవాడు నవ్వు మానేసి పాఠం విన్నట్టు విన్నాడు.

ఇదీ మా అక్క పని. దాచిపెట్టడానికి ఇందులో ఏముంది?

పాడె ఎక్కించే ముందు, ఆడవాళ్లు స్నానం చేయించాక పుట్టింటి చీర నేనే కప్పాను. అంతా అయిపోయిందన్నారు. నాకు మాత్రం ఒకటి మిగిలిందనిపించింది. నలుగురిలో ముందుకు వచ్చే అలవాటు నాకు లేదు. అయినా వంగి, అక్క చెంపలు రెండు చేతులతో నిమిరి, నా కణతల దగ్గర మెటికలు విరిచాను. నావి ముసలి వేళ్లు. మోగవేమో అనుకున్నాను. మోగాయి.

"సచ్చిపోయినామెకు దిష్టేందప్పా?" అన్నారు వెనక ఎవరో.

"ఉండాది. మీ నోటి దిష్టి" అన్నాను.

పాడె ఎత్తారు.

మీలో ఆ దీవులకు పోయి వచ్చిన వాళ్లుంటే గుర్తు తెచ్చుకోండి. ఒక పొట్టి తెలుగామె మీ కాళ్లు పట్టి, చివర్లో చెంపలు నిమిరి మెటికలు విరిచి ఉంటే నాకు రాయండి. రెండు ముక్కలైనా చాలు. తొందరగా రాయండి. ఆ ఉత్తరాలు ఇక్కడ గట్టిగా చదివి వినిపించాల్సిన వాళ్లు చాలామంది ఉన్నారు. చదివేది నేనే.