ఎనిమిదీ నలభైకి దిగే విమానం

ఆ రోజు ఆయన లెక్క పొరపాటున తప్పిందా, కావాలనే తప్పు చెప్పాడా? పక్క బల్ల దగ్గరే కూర్చుని విన్నాను. ముప్పయ్యేళ్ళయినా నాకు తేలలేదు.

విమాన టిక్కెట్ల ఆఫీసులో ఆయన సీనియర్ గుమాస్తా. మేమంతా టైంటేబుల్ గారు అనేవాళ్ళం, పలికేవాడు కూడా. ఏ రెండు ఊళ్ళు చెప్పినా మధ్య దూరమెంతో, గాల్లో ఎంతసేపుండాలో పుస్తకం తెరవకుండా చెప్పేవాడు. తను మాత్రం ఎన్నడూ విమానం ఎక్కలేదు. అదేమిటని అడిగితే, అందరూ ఎక్కేస్తే టిక్కెట్లు రాసేదెవరు అమ్మాయ్ అనేవాడు.

ఆయన్ని పెంచింది అక్క. ఆవిడుండే ఊరు రెండువేల మూడువందల కిలోమీటర్లు. మూడు గంటల పది నిమిషాల ప్రయాణం. అక్కడి గడియారాలు మావాటికన్నా రెండున్నర గంటలు వెనక. అందుకని ఇక్కడ ఎనిమిదికి లేచే విమానం అక్కడ ఎనిమిదీ నలభైకి దిగుతుందని అచ్చేసేవాళ్ళు. ఆ కాగితం అక్క కంటపడింది. ఇక ఫోను చేసినప్పుడల్లా అదే ఎత్తిపొడుపు.

“నలభై నిమిషాలు కూర్చోలేవురా నా కోసం?”

ఆయన గడియారాల తేడా ఓపిగ్గా విడమరిచి చెప్పేవాడు. ఆవిడ అంతా విని, మరి తిరుగు ప్రయాణానికి ఆరు గంటలకు దగ్గర చూపిస్తోందే, నన్నొదిలి వెళ్ళడానికి నీకు కాళ్ళు రావన్నమాట అనేదట. ఫోను పెట్టేసి, నాకు చెప్పి నవ్వేవాడు.

ఒక మధ్యాహ్నం బావగారు ఫోను చేశాడు. రేపు పదకొండింటికి అక్కకి గుండె ఆపరేషన్. లోపలికి వెళ్ళేముందు తమ్ముణ్ణి ఒక్కసారి చూడాలంటోంది. ఎదుటి తెరమీద మర్నాటి విమానంలో తొమ్మిది సీట్లు ఖాళీగా ఉన్నాయి. నేనూ చూశాను.

“అందదు బావా. ఎనిమిదికి ఎక్కినా దిగేసరికి పదకొండూ పదవుతుంది.”

గడియారాల తేడా తియ్యలేదు. రోజుకి పదిమందికి ఆయనే సరిదిద్దే పొరపాటు అది. నేను తలెత్తాను. ఆయన నావైపు చూడలేదు. నేనూ నోరు తెరవలేదు. ఆయన లెక్క మీద బావగారికి మాత్రం అనుమానమెందుకొస్తుంది?

మర్నాడు ఎప్పటిలాగే వేళకి వచ్చాడు. టిక్కెట్లు రాశాడు. డబ్బా తెచ్చుకున్నాడు, తిన్నాడు.

సాయంత్రం మళ్ళీ ఫోను. చాలాసేపు విన్నాడు. పెట్టేశాక, నేనడక్కుండానే, ఎవరి సంగతో చెప్తున్నట్టు చెప్పాడు. అక్క పోయింది. లోపలికి తీసుకెళ్తుంటే బావతో అందట:

“వాడేదో కంగారులో లెక్క తప్పాడండీ. ఎనిమిదీ నలభైకే దిగుంటాడు. కాస్త గుమ్మం దగ్గర చూడండి.”

బల్ల ముందు ఒక పెద్దావిడ నిలబడి ఉంది. ఆయన ఆవిడ టిక్కెట్టు పూర్తిచేశాడు. దిగే వేళ అక్కడి గడియారం ప్రకారమని రెండుసార్లు చెప్పి, కింద గీత గీసి ఇచ్చాడు. కుర్చీ లోపలికి తోశాడు. ఆఫీసు మూయడానికి ఇంకా పది నిమిషాలుంది. మేమంతా అక్కడే ఉన్నాం. ఎవరితోనూ వస్తానని చెప్పకుండా మెట్లు దిగి వెళ్ళిపోయాడు.