శరీరం అబద్ధం చెప్పదన్న సార్

కంఠేశ్వర్‌లో ఒక మందుల దుకాణం పైఅంతస్తులో మా పర్సనాలిటీ కోచింగ్ క్లాసు. సార్ ఎప్పుడూ ట్రాక్ ప్యాంటులోనే ఉండేవాడు. పరుగెత్తగా మాత్రం నేనెన్నడూ చూడలేదు. ఆయన దగ్గరున్నది ఒకే మాట: "మనసు అబద్ధం చెబుతుంది, శరీరం చెప్పదు." ఆ ఒక్క మాటనూ పదిహేను రోజులు సాగదీశాడు.

నేను ఆ మాట కోసం చేరలేదు. దగ్గర్లోనే కొత్తగా తెరిచిన క్లినిక్‌లో రిసెప్షన్‌కు ఒక అమ్మాయి కావాలని, బ్యాచ్‌లోంచి ఒకరిని పంపమని అక్కడి డాక్టర్ మా సార్‌ను అడిగాడు. ఆ కుర్చీ దొరక్కపోతే నాకు మిగిలేది ఇంట్లో అవ్వ పక్కన రెండో చాట. మా అమ్మను అవ్వ అనే పిలుస్తాను. తునికాకు, తంబాకు ఉన్న చాట ఒడిలో పెట్టుకుని ఇద్దరం బీడీలు చుడతాం. డిగ్రీ అయ్యాక రెండేళ్లుగా నా పని అదే.

మొదటి రోజు సార్ మమ్మల్ని గది చుట్టూ తిప్పాడు. ఏనుగులా నడవమన్నాడు, తర్వాత రాణిలా. బోధన్ నుంచి బస్సులో క్లాసుకు వచ్చే ఒక అక్క నా వెనకాల గొణిగింది.

"నెత్తి మీద చెరుకు మోపు పెట్టుమను. రాణి ఎట్ల నడుస్తదో నేను సూపెడ్త."

తర్వాత సార్ నా దగ్గర ఆగి అందరికీ చూపించాడు. "ఈ వంగిన భుజాలు చూడండి. ఇది భయం."

నా భుజాలు వంగింది చాట మీదికి. మా గల్లీలో ఆడవాళ్లందరివీ అవే భుజాలు. అది తెలియడానికి శరీరాలు చదివే విద్య అక్కర్లేదు, కిటికీలోంచి ఒకసారి కింద పోయే ఆడవాళ్లను చూస్తే చాలు. లైబ్రరీ నుంచి తెచ్చుకునే పుస్తకాల్లో నాకు చాలామంది మూర్ఖులు తగిలారు. వాళ్లలో ఒక్కడికీ ఇంత ధీమా లేదు.

చివరి రోజు నేల మీద బాసింపట్టు వేయించి కళ్లు మూసుకోమన్నాడు. "చేతుల్ని వదిలేయండి. వాటికి నచ్చింది చేయనివ్వండి."

నా చేతులు ఏం చేస్తున్నాయో నాకే తెలియలేదు. పక్కనుంచి అక్క గుసగుస వినబడింది.

"తంబాకు పొయ్యలే పిల్లా. ఉత్త ఆకే సుడుతున్నవ్."

వెనక ఇద్దరు ముగ్గురు నవ్వాపుకున్నారు. సార్ వాళ్లను చెయ్యెత్తి ఆపి, నా ముందు కూర్చున్నాడు.

"ఏదో పాత దుఃఖం వేళ్లలోంచి బయటికొస్తోంది. చెప్పమ్మా, ఎవరు గుర్తొచ్చారు?"

నలుగురిలో నోరు విప్పే అలవాటు నాకు లేదు. "మా అవ్వ" అన్నాను. అది నిజమే. నాకు చుట్టడం నేర్పింది ఆమే.

"ఆవిడ ఇప్పుడు లేరు కదా" అన్నాడు. ఆయన కళ్లు అప్పటికే తడిగా ఉన్నాయి.

నాకు క్లినిక్‌లోని కుర్చీ గుర్తొచ్చింది. తల దించుకున్నాను.

క్లాసు ముగిసేలోపే క్లినిక్‌కు నా పేరు చెప్పేశాడు. మెట్లు దిగుతుంటే అక్క నా చెయ్యి పట్టుకుంది.

"మొన్న బస్టాండుల నీకు టిఫిన్ డబ్బా ఇచ్చినామె ఎవలే మరి?"

నేను చెయ్యి విడిపించుకుని రెండు మెట్లు దిగాను.

"పోనీ తియ్. సంపింది సారు, నువ్వు కాదనలే. గంతే కదా."

ఆ రాత్రి డైరీలో సార్ గురించి మూడు పేజీలు రాశాను. ట్రాక్ ప్యాంటు, ఏనుగు నడక, ఆ తడి కళ్లు, అన్నీ ఉన్నాయి. నేను తల దించుకున్న సంగతి లేదు. ఆయనను తిట్టడానికి దొరికినన్ని మాటలు దానికి దొరకలేదు.

ఉద్యోగంలో చేరిన రోజు డాక్టర్ నన్ను లోపలికి పిలిచాడు. "మీ అమ్మగారి సంగతి సార్ చెప్పారమ్మా. ధైర్యంగా ఉండు" అన్నాడు. అప్పుడు కూడా తల దించుకున్నాను. రెండోసారి తేలికగానే వచ్చింది.

ఈ మధ్య అవ్వకు దగ్గు పట్టుకుంది. నిన్న సాయంత్రం నేను ఇంటికి రాగానే అడిగింది.

"మీ డాక్టర్‌కు నన్నోసారి సూపియ్యరాదే. బిడ్డ కొలువు జేసే తావు, నేను గూడ సూసినట్టుంటది."

రోజంతా దగ్గే ముసలివాళ్లకు టోకెన్లు రాసి వచ్చాను.

"ఆయన పిల్లల డాక్టరవ్వా" అన్నాను.

"అట్లనా" అంది. చాటలోంచి ఇంకో ఆకు తీసుకుంది.