వడ్ల మీద ఆడిన యుద్ధం

మాన్వి దగ్గర, కాలువ కింద సాగుకని వెలిసిన మా క్యాంపు ఊళ్లో పిల్లల పాటల నాటకాలకంటూ ఒక హాలు లేచింది నా చిన్నప్పుడే. కోస్తా నుంచి వచ్చి స్థిరపడ్డ మావాళ్లంతా తలా ఒక చెయ్యి వేసి కట్టిన రేకుల హాలు. మేమూ తట్టలతో ఇసుక మోశాం. అందుకే అది మాదేనని మహా పొగరు మాకు. పక్కింటి అక్క అందులో హార్మోనియం పెట్టుకుని పాటలూ అడుగులూ నేర్పేది.

మర్నాడు మా మొదటి నాటకమనగా అకాలవాన పడింది. క్యాంపులోని పెద్ద రైతు ఒకాయన తన తడి వడ్లన్నీ తెచ్చి హాలు నిండా పరిపించాడు. వాన వెలిసినా తియ్యలేదు. పైగా ఇక ఏటా కోతలకి ఈ హాలు తనకే కావాలన్నాడు. అక్క బతిమాలితే నలుగురి ముందూ నవ్వాడు.

"మీ గెంతులకి హాలెందుకే? ఆగలేకపోతే నా వడ్ల మీదే గెంతండి. కాళ్లతో తిరగేసే కూలీ అయినా మిగులుద్ది."

అందరూ నవ్వారు. ఆయన ఇంటి మీదికి విసరాలని రాయి తీశాను. అక్క నా చేతిలోంచి అది లాగేసుకుంది.

"రాయేస్తే తిట్లు మనకే. పెద్దాయన చెప్పినట్టే చేద్దాం, రా."

హాల్లో ఒకవైపు అమ్మకపు వడ్లు, ఒకవైపు విత్తనానికని వేరుగా ఉంచినవి. నడుమ జానెడు సందు. మా నాటకంలో రెండు సైన్యాల యుద్ధం ఉంది. అక్క హార్మోనియం అందుకుని యుద్ధం పాట ఎత్తుకుంది. అటువాళ్లం ఇటు, ఇటువాళ్లు అటు, కసి తీరా తొక్కాం. ఆ సాయంత్రం నా అంత బాగా ఎవరూ ఆడలేదు.

ఆయన వచ్చి చూసేసరికి రెండు రకాలూ ఒకటే రాశి. కలిసిపోయిన వడ్లు విత్తనానికి పనికిరావు.

"ఎంత పని చేశారే!" అని నెత్తి కొట్టుకున్నాడు.

"మీరు గెంతమన్నారనే గెంతామండి, పెదనాన్నగారూ," అంది అక్క చేతులు కట్టుకుని.

పొద్దున నవ్వినవాళ్లే మళ్లీ నవ్వారు, ఈసారి ఆయన్ని చూసి. తేలు కుట్టిన దొంగలా వడ్లు ఎత్తించుకుపోయాడు. మర్నాడు నాటకం ఆడాం. మళ్లీ ఏ కోతలకీ ఆయన ఆ గడప తొక్కలేదు.

ఇప్పుడు రేకులు పోయి స్లాబు పడింది. మా మనవరాలు అక్కడే పాడుతోంది. పగ మంచిది కాదని పిల్లలకి చెప్పమంటారు నన్ను. నాకు నోరు రాదు. ఈనాటికీ ఎవరైనా నన్ను చులకన చేసి మాట్లాడితే ఎదురు చెప్పను, చేతులు కట్టుకుని "అలాగేనండి" అంటాను. ఆ మాట నా నోట వినబడితే చాలు, మా ఇంట్లో అందరికీ భయం.