నాలుగు స్టేషన్లలో దిగిన వదిన

మా వదిన పోయింది. మొన్న మంగళవారం పొద్దున కృష్ణగిరిలో నేను కాఫీ కలుపుకుంటూ ఉంటే తళి నుంచి అన్న ఫోన్ చేశాడు. "మీ వదిన లేసి కాఫీ తాగిందమ్మా. చెప్పులేసుకునేదానికి వంగింది. అంతే," అన్నాడు. హోసూరు బస్సెక్కి, అక్కడ తళి బస్సు పట్టుకుని నేను చేరేసరికి ఇంటి ముందు ఊరంతా ఉంది.

చనిపోయినవాళ్ళ గురించి రాసేటప్పుడు అందరూ దేవతలైపోతారు. మా వదిన దేవత కాదు. మొండిది. వాదనలో ఆమె మీద నేను గెలిచిన రోజు ఒక్కటీ గుర్తు లేదు. కృష్ణగిరిలో ముప్ఫై ఏళ్ళు పిల్లలకు ఇంగ్లీషు చెప్పి రిటైరైనదాన్ని నేను. ఆమె ఏడో తరగతితో బడి మానేసిన మనిషి. అయినా నన్ను "టీచరమ్మా" అని పిలిచినప్పుడల్లా ఆ మాటలో గౌరవం ఎంతో, ఎగతాళి ఎంతో నాకు ఇప్పటికీ తేలలేదు. తెలుగు, తమిళం, కన్నడం మూడూ ధారాళంగా మాట్లాడేది. నాలుగో భాష అవసరమైతే ఈ మూడింటినీ కలిపి కాస్త గట్టిగా మాట్లాడేది.

ఆమె పుట్టిల్లు రాయకోట. హోసూరు, ధర్మపురి మధ్య తిరిగే ప్యాసింజరు బండి ఆమెకు చిన్నప్పటి నుంచి సొంత ఎద్దులబండితో సమానం. వాళ్ళ నాయనతో కలిసి టమాటా బుట్టలు ఎక్కించి, ఒక్కో స్టేషన్లో దిగి, బేరం చూసుకుని, మళ్ళీ వచ్చే బండిలో ఎక్కేదట. ఆ రోజుల నుంచి ఆమెకు ఒక సూత్రం ఉంది. "రైలు దిగినాక మొదట తిరుగు బండి ఎప్పుడో చూసుకోవాల. ఆ మీదనే ఊరు." ఈ సూత్రాన్ని ఆమె హాలండు దాకా మోసుకుపోయింది. ఈ నాలుగు మాటలు రాస్తున్నది ఆ ఒక్కరోజు గురించి చెప్పడానికే.

నాలుగేళ్ళ కిందటి మాట. అన్నా వదినలకు తళి దగ్గర ఒక ఎకరం పాలీహౌస్, అంటే ప్లాస్టిక్ కప్పు వేసిన షెడ్డు, ఉంది. గులాబీ తోట. అంతకు ముందు పెట్టిన రకం దెబ్బ కొట్టింది. పూల ప్రదర్శనలో చూసి మురిసిపోయి అన్న తెచ్చిన రకం అది. చూడటానికి రాజకుమారి, అంగడికి పోయిన మర్నాడే రేకులు రాల్చేది. వేళ్ళతో సహా పీకేశారు. ఈసారి కూడా తప్పితే షెడ్డు అమ్ముకుని పక్కవాళ్ళ తోటలో కూలికి పోవడమే అని వదిన నాతో సూటిగా చెప్పింది. అలాంటి సమయంలో హోసూరు చుట్టుపక్కల పూల రైతులు పదిమంది కలిసి కొత్త మొక్కలు ఎంచుకోవడానికి హాలండు బయల్దేరారు. వాళ్ళతో అన్న, వదిన. ఇంగ్లీషు వచ్చునని వెంట నేను.

మొక్కల కంపెనీవాళ్ళు మమ్మల్ని గాజు షెడ్డులో తిప్పి ఒక పెద్ద ఎర్ర గులాబీ చూపించారు. పిడికిలంత మొగ్గ, చెయ్యంత కాడ. పదిమంది రైతులూ నోరు తెరిచారు. అన్న కళ్ళల్లో పాత మెరుపు మళ్ళీ కనబడింది. వదిన మాత్రం ఆ పువ్వు చుట్టూ రెండుసార్లు తిరిగి బయటికి వచ్చింది. ఒప్పందం మీద సంతకాలు రేపు కాక ఎల్లుండి పొద్దున. మధ్యలో ఒక రోజు ఖాళీ. అందరినీ పడవలో కాలువలు చూడటానికి తీసుకుపోతామన్నారు.

"పిల్లను పెండ్లి పందిట్లో చూసి మెచ్చుకుంటే ఎట్ల? కాపురంలో చూడాల," అంది వదిన ఆ సాయంత్రం. "ఆ పువ్వు ఈ ఊరోళ్ళ ఇండ్లల్లో నాలుగో దినం ఎట్లుంటాదో నేను చూడాల. ఈడ కిటికీలకు పరదాలు ఉండవు, బస్సులో వస్తా చూసినాను. ప్రతి ఇంట్లో కిటికీలో పూలు పెట్టుకునుండారు."

"అందుకని ఊరూరూ తిరుగుతామా?" అన్నాను.

"రైళ్ళుండాయి కదా. నీకు ఇంగ్లీషు ఉండాది కదా."

రోజంతా ఎక్కి దిగడానికి ఒకే టికెట్ ఇస్తారని హోటల్లో కనుక్కున్నాను. ఉదయం రద్దీ తగ్గాక బయల్దేరాం. ప్రతి స్టేషన్లో ఆగుతూ పోయే చిన్న బండి. ఆమె కిటికీ పక్కన కూర్చుని, చీర మీద స్వెటరు, దాని మీద అన్న కోటు, ఒళ్ళో చిత్రాన్నం డబ్బా. "మన ప్యాసింజరే, కొంచెం కడిగి పెట్టినారు," అంది.

మొదట హార్లెం. స్టేషన్ బయట పూలంగడి ఉంది, అందులో మన ఎర్ర గులాబీ ఉంది, నిటారుగా నిలబడి ఉంది. నేను సంతోషించాను. వదిన కాడ కింద కోసిన చోటు చూసి పెదవి విరిచింది. "ఇది నిన్న వచ్చిండాది. ఇదేం చెప్తాది, దీనికేం తెలుసు?" వీధులు తిరిగాం. రెండో ఊరు లైడెన్‌లో మూడు కిటికీల్లో గులాబీలు కనిపించాయి కానీ ఒక్కటీ అది కాదు. మొగ్గ అడుగున ఉండే పచ్చటి ముచ్చిక చూసి రకం చెప్పగలదు ఆమె. నేను మాత్రం పరాయివాళ్ళ కిటికీల్లోకి తొంగి చూస్తున్న మనిషికి తోడుగా ఉన్నందుకు సిగ్గుతో అటూ ఇటూ చూస్తూ నిలబడ్డాను.

లైడెన్ స్టేషన్లో నా ఇంగ్లీషు పరువు పోయింది. ప్లాట్‌ఫారం నంబరు చదివి, సరిగ్గా అదే ప్లాట్‌ఫారంలో ఉన్న బండి ఎక్కించాను. లోపల కూర్చోగానే వదిన చుట్టూ చూసి లేచింది.

"దిగు, దిగు. ఇది కాదు."

"నంబరు చూసే ఎక్కినాం వదినా."

"మనం పోయేది చిన్నూరు అన్నావు. చిన్నూరికి ఇంతింత పెట్టెలు ఎవరు మోసుకుపోతారు? ఇది ఇమానాల కాడికి పోయే బండి."

తలుపులు మూసుకునేలోపు దూకాం. అదే ప్లాట్‌ఫారంలో వెనక సగంలో మా చిన్న బండి వేరే ఉంది. నేను చదివాను, ఆమె చూసింది. ఆ సంగతి ఇంటికి వచ్చాక ఎంతమందికి చెప్పిందో లెక్కలేదు. ప్రతిసారీ నేను కొంచెం ఎక్కువ మొద్దునయ్యేదాన్ని.

మూడో ఊళ్ళో వాన. అరగంట స్టేషన్ చూరు కింద నిలబడి చిత్రాన్నం తిన్నాం. నాకు కోపం వచ్చింది. కాళ్ళు తడిసిపోయాయి, కాలువలు చూడలేదు, పువ్వూ దొరకలేదు. పోదాం పద అన్నాను. "ఇంగొక్క ఊరు," అంది. ఆమె ముఖంలో భయం నేను చూసింది అప్పుడొక్కసారే. ఎర్ర పువ్వుకే మా అన్న మాట ఇచ్చేశాడని, తన దగ్గర చూపించడానికి ఏమీ లేకపోతే మర్నాడు పొద్దున సంతకం అయిపోతుందని ఆమెకు తెలుసు. నేను చిత్రాన్నం డబ్బా మూసి బండి ఎక్కాను.

నాలుగో ఊరు గౌడా. దిగగానే తిరుగు బండి చూసుకుంది. రెండో వీధిలో ఒక చిన్న ఇంటి కిటికీలో గాజు కూజా, అందులో అవే ఎర్ర గులాబీలు ఏడు. ఏడూ మెడలు వాల్చేసి ఉన్నాయి. వదిన నా చెయ్యి పట్టుకుని నిలబడింది, ఆ తర్వాత నేరుగా పోయి బెల్లు నొక్కింది.

"వదినా!" అన్నాను. అప్పటికే తలుపు తెరుచుకుంది.

ఒక ముసలావిడ. చీర మీద మగవాళ్ళ కోటు వేసుకున్న ఒకామెను, ఆమె వెనక దాక్కుంటున్న ఇంకొకామెను చూసి ఆశ్చర్యపోయింది. నేను నా ముప్ఫై ఏళ్ళ ఇంగ్లీషంతా పోగు చేసుకుని, మేం గులాబీలు పండించేవాళ్ళమని, మీ పువ్వులు కొని ఎన్నాళ్ళైందో చెప్పగలరా అని అడిగాను. ఆవిడ నవ్వి లోపలికి రమ్మంది. కాఫీ ఇచ్చింది, తలా ఒక బిస్కెట్ ఇచ్చింది. కొని మూడు రోజులే అయిందట. నీళ్ళు రోజూ మార్చిందట.

వంటగది బల్ల మీద ఇంకో కూజాలో ముదురు గులాబీ రంగు పువ్వులు కొన్ని ఉన్నాయి. చిన్న మొగ్గలు, గొప్ప అందమేమీ లేదు. అవి కొని తొమ్మిదో రోజట. ఒక్కటి కూడా తల వంచలేదు. వదిన వాటి ముందు వంగి చాలాసేపు చూసి, "ఇవి చుట్టుకొచ్చిన కాగితం ఉండాదా అడుగు," అంది. అడిగాను. ఆ ముసలావిడా మా వదినా కలిసి చెత్తబుట్ట మీద వంగి, ఒకరి భాష ఒకరికి రాకుండానే మాట్లాడుకుంటూ, నలిగిన కవరు బయటికి తీశారు. దాని మీద రకం పేరు ఉంది.

నాకు ఇక చాలనిపించింది. వదినకు చాలలేదు. "ఒక్కిల్లు చూసి తీర్పు చెప్పకూడదు. ఈయమ్మ కూజా కడగలేదేమో." నేను ఆ చివరి మాట తర్జుమా చెయ్యలేదు. ఆవిడే కోటు వేసుకుని మమ్మల్ని వీధిలో ఇంకో మూడిళ్ళకు తీసుకుపోయింది. రెండిళ్ళలో అదే ఎర్రది, అదే వాలిన మెడ. చూసుకున్న తిరుగు బండి పోయింది, దాని తర్వాతదీ పోయింది. రైలు సూత్రాన్ని వదిన తప్పడం నేను చూసింది ఆ ఒక్క సాయంత్రమే.

హోటల్లో భోజనాల దగ్గర అందరూ నవ్వారు. "కాలువలు చూడకుండా కుండీలు చూసొచ్చినావా అమ్మా!" అన్నారు. అన్నకు తలకొట్టేసినట్టైంది. "పదిమంది ఒక మాట మీదుంటే నువ్వొక్కదానివి వేరే చెప్తావా?" అన్నాడు.

ఆమె ఆ నలిగిన కవరు ఆయన పళ్ళెం పక్కన పెట్టింది. "సంతకం నువ్వే పెట్టు. ఏది పెట్టినా పొద్దున లేసి కోసేది నేను. ఎవురో ఇంటికి తీసకపోయి, మూడో దినం బాధపడే పువ్వు నేను కొయ్యను."

ఆ మాట అన్నప్పుడు ఆమె గొంతు పెంచలేదు. నేను ఎన్నో ఉపన్యాసాలు విన్నాను, ఇచ్చాను కూడా. పని మీద అంత మర్యాదగల మాట మళ్ళీ వినలేదు. అన్న ఆ రాత్రి ఏం ఆలోచించుకున్నాడో, పొద్దున అదే కంపెనీ జాబితాలో ఉన్న ఆ చిన్న పువ్వు మీదే సంతకం పెట్టాడు.

అబద్ధం చెప్పకూడదు. ఎర్ర పువ్వు పెట్టినవాళ్ళు మొదటి ఏడాది బాగానే సంపాదించారు, అన్న కొన్నాళ్ళు ముఖం మాడ్చుకుని తిరిగాడు. వదిన తొణకలేదు. మెల్లగా బెంగళూరు అంగళ్ళవాళ్ళు తళి నుంచి వచ్చే ఆ చిన్న పువ్వే కావాలని అడగడం మొదలుపెట్టారు. షెడ్డు అమ్మలేదు. ఇద్దరు పిల్లల పెళ్ళిళ్ళు దాని మీదే జరిగాయి. అందుకు ఆమె ఎప్పుడూ గొప్ప చెప్పుకోలేదు. గొప్ప చెప్పుకున్నదల్లా పెట్టెలు చూసి బండి కనిపెట్టినదాని గురించే.

మంగళవారం అన్నీ అయిపోయాక నేను షెడ్డులోకి పోయి నిలబడ్డాను. ఆ రోజు కోత లేదు. వదినతో పదేళ్ళుగా పనిచేస్తున్న ఆమె వచ్చి పక్కన నిలబడింది. "ఈ నాలుగు వరసలూ అక్కవేనమ్మా. ఎవురినీ కొయ్యనిచ్చేది కాదు. నిన్న కూడా ఆమే కోసింది. సాయంత్రం బండికి బెంగళూరు పోయినాయి," అంది కళ్ళు తుడుచుకుంటూ.

ఇది రాస్తున్న ఈరోజు శనివారం. ఆమె సోమవారం కోసిన పువ్వులకు ఇది ఆరో రోజు. బెంగళూరులో ఏ వీధిలోనో, ఏ ఇంటి కిటికీలోనో అవి మెడ ఎత్తుకునే నిలబడి ఉంటాయి. ఆ ఇంటివాళ్ళు పొద్దున నీళ్ళు మార్చి, ఇంకా ఎంత తాజాగా ఉన్నాయో అనుకుంటూ ఉంటారు.